పాడేవాళ్ళ ఊపిరి

నిన్న పొద్దున మా ఆవిడ డాబా మీద దిండ్లు ఎండబెట్టి కర్రతో దులుపుతుంటే, ఆ మెత్తటి చప్పుడుకు నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. డ్రమ్ము చప్పుడుకు ఎవరైనా ఊగుతారు. దిండు చప్పుడుకు ఊగేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో! దానికి కారణం వసంతక్క.

వసంతక్క ఒక చిన్న ఆర్కెస్ట్రా నడిపేది. కీబోర్డు ఆమెదే, సగం పాటలూ ఆమెవే. ఇంకో గాయకుడు, డ్రమ్స్ మీద నేను. అంతే మా బలగం. 2009లో చేరి అయిదేళ్ళు ఆమెతో తిరిగాను. చిక్కడపల్లి గల్లీల్లో వినాయక మండపాలు, నారాయణగూడ హాళ్ళలో షష్టిపూర్తులు, సీమంతాలు, ఎవరు పిలిస్తే అక్కడికి. ఆమె ఇల్లు అశోక్‌నగర్‌లో. పైనా కిందా పక్కనా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళ హాస్టళ్ళే. అక్కడ డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తే రాజ్యాంగం చదివేవాళ్ళంతా దిగొచ్చి నాకు నాలుగు వేసేవారు. అందుకని నా సాధనంతా దిండు మీదే. "చేతులు చూసుకోకురా, పాడేటోళ్ళ దిక్కు చూడు" అనేది వసంతక్క. పాడేవాళ్ళలో ఏం చూడాలో మాత్రం చెప్పేది కాదు. చెవులతో చేసే పనికి కళ్ళెందుకా అని నేను జుట్టు పీక్కునేవాణ్ణి.

అంతకంటే నన్ను తొలిచిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆమె కీబోర్డులో ఒక బటన్ నొక్కితే కావలసిన తాళం దానంతటదే మోగేది. అది వచ్చాక చాలా బ్యాండ్లు డ్రమ్మర్లను మాన్పించాయి. మరి నన్నెందుకు ఉంచుకుంది? చుట్టాన్ని కాను, పెద్ద వాయిద్యగాణ్ణీ కాను. అడిగితే "సామాన్లు మోసేటందుకు ఒకడు కావాలె కద" అని నవ్వేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె వద్దంటే నన్ను పిలిచే బ్యాండ్ వేరే లేదు. నా డ్రమ్ములు అటకెక్కేవే.

ఆ రోజు రానే వచ్చిందనుకున్నాను ఒకసారి. నారాయణగూడలో షష్టిపూర్తి. మేము సామాన్లు దించుతుంటే, మమ్మల్ని పిలిచిన పెద్దాయన కొడుకు అడ్డం వచ్చాడు.

"అక్కా, స్టేజీ జర చిన్నగుంది. డ్రమ్స్ దేనికి? కీబోర్డుల బీట్ వస్తది కద. అన్నని కూసోని తినమను."

వసంతక్క స్టేజీ వైపు చూసి, "స్టేజీ కింద జాగ ఉంది కద తమ్మీ. గాడ పెట్టుకుంటడు" అంది.

అలా పూలకుండీల పక్కన డ్రమ్ములు పరుచుకున్నాను. ఆమె బటన్ నొక్కి పాటలు నడిపిస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చున్నాను. దిష్టిబొమ్మకైనా ఏదో ఒక పని ఉంటుంది, నాకు అదీ లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా ఫంక్షన్లలో ఒక ఆనవాయితీ ఉంది. భోజనాలకు ముందు ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు మైకు అందుకోవాల్సిందే. ఆ రోజు పెద్దాయనే లేచారు. గొంతు బాగానే ఉంది. రెండో లైను చివర భార్య వైపు చూసి నవ్వి, కాస్త ఆగారు. తాళం ఆయన్ని వదిలేసి ముందుకు పోయింది. "ఆగుండ్రి, మల్ల షురూ చేస్త" అన్నారు. రెండోసారీ అక్కడే ఆగారు, అది మళ్ళీ పోయింది. జనం కిసుక్కుమన్నారు. ఆడలేక మద్దెల ఓడందామన్నా అక్కడ మద్దెల ఏది? ఆయన మైకు ఇచ్చేయబోతుంటే వసంతక్క బీట్ ఆపేసింది.

"మీరు పాడుండ్రి అంకుల్. వాడు మీ ఎంబడి వస్తడు" అని నన్ను చూపించింది.

ఎటు చూడాలో అప్పుడు తెలిసింది నాకు. ఊపిరి పీల్చుకునేటప్పుడు ఆయన భుజాలు కొంచెం లేచేవి. అవి దిగేటప్పుడు కొట్టాను. ఆయన భార్యను చూసుకుంటున్నంతసేపు పుల్లలు గాలిలోనే ఉంచాను. పాట చాలాసేపు సాగింది, ఎవరూ నవ్వలేదు. ఆయన స్టేజీ దిగేటప్పుడు పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంటోంది. ఆ తర్వాత కొడుకే వచ్చి నా డ్రమ్ములు స్టేజీ మీదికి ఎక్కించాడు.

2014లో చిక్కడపల్లి మండపం నాటికి వసంతక్క నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. పాడొద్దని బతిమాలాం. వింటేగా! పల్లవి అయింది. చరణం ఎత్తుకోబోతూ ఆమె భుజాలు లేచాయి, లేచినవి దిగలేదు. నా చేతులు ఆగిపోయాయి. జనం అది పాటలోనే ఉందనుకున్నారు. ఊపిరి అందగానే పాడింది, నేనూ కలిశాను. చరణం చరణానికీ అలాగే ఆగుతూ పాట పూర్తి చేశాం.

ఆటోలో సామాన్లు ఎక్కించాక పాత ప్రశ్నే అడిగాను. "అక్కా, నిజం చెప్పు. ఇన్నేండ్లు నన్నెందుకు ఉంచుకున్నవ్?"

ఈసారి నవ్వలేదు. "నువ్వు రాకముందే డాక్టర్ చెప్పిండురా, ముందు ముందు నాకు దమ్ము అందదని. మిషన్ నా కోసం ఆగుతదా?"

ఆమె మళ్ళీ పాడలేదు. ఇప్పుడు వేరే బ్యాండ్లతో వాయిస్తున్నాను. ఎవరు మైకు పట్టుకున్నా ముందు వాళ్ళ భుజాలే చూస్తాను. ఇంట్లో కూడా ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే అందించను, ఊరికే ఎదురుచూస్తాను. వేగంగా వాయించడం ఎవరి దగ్గరైనా నేర్చుకునేవాణ్ణి. తనకు ఊపిరి ఆడని రోజు వస్తుందని తెలిసి, ఆ రోజు కోసం నన్ను నమ్ముకుని, అయిదేళ్ళు ఆ మాట పైకి చెప్పకుండా నాకు ఆగడం నేర్పింది.