చంద్రుడి మీద పుట్టినవాడేంట్లు?

మీ ఇంటికి ఒక కొత్త మనిషి వచ్చి కూర్చుంటే, మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకముందే మీ నాలుక చివరికొచ్చి నిలబడే ప్రశ్న ఏది? నిజం చెప్పండి. ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరు.

మా తిరువూరు వైపు ఆ ప్రశ్నను చాలా మర్యాదగా అడుగుతారు. కులం అనే మాట పెదవి దాటదు. "మీరేంట్లండీ?" అంటారు, అంతే. చివర 'అండీ' ఉంటుంది, మొహాన చిరునవ్వు ఉంటుంది. దూరపు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళెవరైనా ఆ మాట తెలియక "మేం టీచర్లమండీ" అని జవాబిస్తే అందరూ సరదాగా నవ్వుతారు. నవ్వడం అయ్యాక మళ్ళీ అడుగుతారు.

వేదికలెక్కి వాదించడంతోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. ముహూర్తాల మీద, చేతబడుల మీద, తాయెత్తుల మీద ఎంత పెద్ద గొంతున్నవాడితోనైనా తలపడ్డాను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఓడిపోతూనే ఉన్నాను. నేనిది రాస్తున్న ఈ పూట మా అన్నయ్య ఇంట్లో మేడ మీది గదికి తాళం వేసి ఉంది. లోపల ఆయన కూతురుంది. డిగ్రీ పూర్తిచేసిన పిల్ల, ఓటు వేసిన పిల్ల, తనకేం కావాలో తనకు తెలిసిన పిల్ల. తాళంచెవి మా అన్నయ్య మొలతాడుకు వేలాడుతోంది. ఆ తలుపు తెరిపించడానికి నాకు తెలిసిన వాదాలన్నీ వాడేశాను. ఒక్కటీ పనిచేయలేదు.

ఇదంతా నాకు అర్థమైంది ఒక కంప్యూటర్ ఆట వల్ల. అందుకని అక్కడినుంచే చెబుతాను.

క్రితం వేసవిలో గంపలగూడెం రోడ్డు మీదున్న అన్నయ్య ఇంటికి వెళ్ళాను. మామిడికాయ కోతలు నడుస్తున్నాయి. అన్నయ్య తోటలోంచి అప్పుడే వచ్చి, చొక్కా విప్పి కూలర్ ముందు కూర్చున్నాడు. పిల్ల ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆడుతోంది. తెర నిండా చీకటి ఆకాశం, ఇనప సొరంగాలు.

"ఏంటమ్మా అది? కాల్చుకోవడాలేనా?" అన్నాను.

"కాదు బాబాయ్, దీంట్లో కథుంది. ఇద్దరి వైపునుంచీ ఆడాలి. రా, కూర్చో."

ఆమె చెప్పిన కథ ఇది. మనది కాని ఒక చందమామ. దాని మీద గాలి ఉండదు. లోపలికి తొలిచి గని చేశారు. పనివాళ్ళ పిల్లలు ఆ సొరంగాల్లోనే పుట్టి పెరుగుతారు, పీల్చే గాలి గొట్టాల్లో వస్తుంది. ఒకరోజు ఒక సొరంగం పగిలి గాలి బయటికి పోతుంటుంది. మిగతావాళ్ళను కాపాడాలని పెద్ద ఇనప తలుపు మూసేస్తారు. తలుపుకు ఇవతల బడిలో ఉన్న పిల్లలు బతుకుతారు. అవతల పనిలో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలు పోతారు. ఆ పిల్లల్లో ఒకడు పెద్దయ్యాక యూనిఫామ్ వేసుకుని గనిలోని తలుపులన్నిటికీ అధికారి అవుతాడు. ఇంకొకడు మొహానికి మసి పూసుకుని ఆ తలుపులు పేల్చేస్తూ తిరుగుతాడు. వాళ్ళకు ఆటలో ఏవో పేర్లున్నాయి. మా పిల్ల మాత్రం యూనిఫామోడు, మసిమొహమోడు అనే పిలిచేది.

"ఇద్దరిదీ ఒకటే ఏడుపు బాబాయ్," అంది. "తలుపు మూశారు కాబట్టే నేను బతికానంటాడు యూనిఫామోడు. తలుపు మూశారు కాబట్టే మా అమ్మ పోయిందంటాడు మసిమొహమోడు. రెండూ నిజమేగా?"

అన్నయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తెరవైపు వంగాడు. యూనిఫామోడు ఆయనకు నచ్చాడు.

"కుర్రాడు దిట్టంగా ఉన్నాడే. వీడేంట్లు?"

వంటింట్లోంచి మా వదిన నవ్వు వినపడింది. పిల్ల నుదురు కొట్టుకుంది.

"చంద్రుడి మీద పుట్టాడు నాన్నా! వాడికేం కులం?"

"పుట్టాడా లేదా? పుట్టాక ఏదో ఒకటి ఉంటది."

"గాలి గొట్టం కూడా అడుగుద్దా ఏంటి, మీరేంట్లండీ అని?"

"అచ్చం నీ బాబాయి నోరే వచ్చింది నీకు," అన్నాడు అన్నయ్య. అందరం నవ్వుకున్నాం. ఆ ఆట ఆమెకు ఎవరిచ్చారో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

సాయంత్రం నన్ను స్కూటీ మీద బస్టాండుకు తీసుకొస్తూ, దారిలో ఆమె బండి పక్కకు ఆపింది.

"బాబాయ్, ఆటలో వాళ్ళిద్దరూ ఎవరో తెలిసిందా నీకు? నువ్వూ, నాన్నా."

ఆ పోలిక నాకు సూటిగా తగిలింది. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ చావు గురించి చెప్పాలి.

నెమలి అనే ఊరికి వెళ్ళే దారిలో మాకు పత్తిచేను ఉండేది. అప్పటికి మేమిద్దరం బడిపిల్లలం, నాన్న అంతకుముందే పోయాడు. పత్తి తీస్తుండగా గట్టు మీద అమ్మను పాము కరిచింది. ఎత్తుకొచ్చి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. వేపాకు నమిలించి, చేదు తెలుస్తోందా అని అడుగుతున్నారు. తెలుస్తోందని అమ్మ తల ఊపుతోంది. అంతలో ఆ దారినే ఒకతను మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఆ రోజుల్లో మా వైపు మోటారుసైకిల్ అంటే పిల్లలం వెనక పరిగెత్తేవాళ్ళం. అతను బండి ఆపి, "ఎక్కించండి, తిరువూరు ఆస్పత్రికి తీసుకెళ్తా. ఒకరు వెనక పట్టుకుని కూర్చోండి" అన్నాడు. మావాళ్ళు అమ్మను లేపారు కూడా. అప్పుడు ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా అడిగాడు: "మీరేంట్లు బాబూ?"

అతను చెప్పాడు. దాచుకోలేదు.

అమ్మను మళ్ళీ నేల మీద పడుకోబెట్టారు. "పర్లేదులే బాబూ, మేం చూసుకుంటాం" అన్నారు. అతను కొంచెంసేపు బండి మీదే ఉండి, వెళ్ళిపోయాడు. అమ్మను ఎడ్లబండిలో మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడే పోయింది.

నేను ఆ రోజునుంచి మంత్రాల మీదా, ఆ ప్రశ్న మీదా పగబట్టాను. అన్నయ్య కూడా అక్కడే, అమ్మ కాళ్ళ దగ్గర, ఆ మోటారుసైకిల్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆ రోజు వేరే రకంగా గుర్తుండిపోయింది. తల్లిలేని ఇద్దరు పిల్లలకు 'మనోళ్ళు' వంతులేసుకుని అన్నం పెట్టారు, మా చేను వాళ్ళే దున్నారు, వాళ్ళ పిల్లల బట్టలు మాకు తొడిగారు. మనోళ్ళు లేకపోతే మేం లేమని ఆయన నమ్మకం. అందులో అబద్ధం లేదు. అబద్ధం ఒక్కటే: ఆ మోటారుసైకిల్ మనిషి తాగి ఉన్నాడని, అందుకే ఎక్కించలేదని, ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు. పిల్ల చిన్నప్పటినుంచీ ఆయన దగ్గర ఆ మాటా, నా దగ్గర ఈ మాటా వింటూ పెరిగింది.

"ఆటలో కూడా ఇదే బాబాయ్," అంది స్కూటీ మీద కూర్చునే. "తలుపు మూసేటప్పటికే అవతల ఎవరూ బతికిలేరంటాడు యూనిఫామోడు. చాలాసేపు తట్టిన చప్పుడు విన్నానంటాడు మసిమొహమోడు. నాన్న, ఆ మోటారుసైకిల్ ఆయన తాగున్నాడంటాడు. నువ్వు, లేదంటావు."

"చివరికి ఏం తేలుతుంది?"

"ఇంకా అక్కడిదాకా ఆడలా. ఆడినాక చెప్తా."

వానలు మొదలయ్యాక ఆమే అన్నం దగ్గర కూర్చుని, ఒకబ్బాయిని పెళ్ళిచేసుకుంటానని వాళ్ళ నాన్నకు నేరుగా చెప్పింది. విజయవాడకు కోచింగ్‌కి వెళ్ళేటప్పుడు బస్సులో పరిచయమైన అబ్బాయి. గంపలగూడెం దగ్గర ఒక పల్లెలో, చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. అమ్మానాన్నా పత్తి తీతకు, నాట్లకు వెళ్ళి చదివించారు. ఇప్పుడొక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతున్నాడు. ఆ ఆట ఇచ్చింది అతనే. విచిత్రమేమిటంటే ఆటలో అతను ఎప్పుడూ యూనిఫామోడి పక్షమే వాదించేవాడట. "భయపడ్డవాణ్ణి తిడితే ఇంకా గట్టిగా గడియపెట్టుకుంటాడు" అనేవాడట.

అన్నయ్య మొదటి ప్రశ్న మీకు తెలుసు. పిల్ల జవాబు చెప్పింది. దాచుకోలేదు.

తెల్లారేసరికి ఫోనూ ల్యాప్‌టాపూ బీరువాలోకి, పిల్ల మేడ మీది గదిలోకి వెళ్ళాయి. వదిన కన్నీళ్ళు పెట్టుకుంటూనే కిటికీ ఊచల్లోంచి కంచం అందిస్తోంది. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి అన్నయ్య ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"తాళం తియ్యన్నయ్యా. ఆమె మేజరు. ఇది నేరం."

"నీ ఉపన్యాసాలు తిరువూరు సెంటర్లో చెప్పుకో. పిల్లల్లేనోడివి, నీకేం తెలుసురా?"

"చట్టం తెలుసు."

"చట్టం అన్నం పెట్టిందా మనకి? అమ్మ పోయినప్పుడు ఎవడొచ్చాడు? నీ సభల్లో చప్పట్లు కొట్టేవాళ్ళొచ్చారా? మనోళ్ళొచ్చారు. రేపు వాళ్ళ మొహం ఎట్టా చూడమంటావ్?"

"అమ్మను బండెక్కించకుండా దించిందీ మనోళ్ళే."

"వాడు తాగున్నాడని చెప్పానా!"

లోపలినుంచి తలుపు తట్టిన చప్పుడైంది. గట్టిగా ఏమీ కాదు. వేళ్ళ కణుపులతో, పక్కింటివాళ్ళను పిలిచినట్టు.

"నాన్నా," అంది పిల్ల. "ఆ ఆట అయిపోయింది నాన్నా. చివర్లో యూనిఫామోడు ఒప్పుకుంటాడు. తట్టిన చప్పుడు తనకీ వినపడిందని."

అన్నయ్య కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు ఆ మోటారుసైకిల్ ఆయన బండి పక్కనే నిలబడ్డావుగా. తాగితే వాసన రావాలిగా నాన్నా. వచ్చిందా?"

కింద వదిన గిన్నెలు కడగడం ఆపేసింది. అన్నయ్య తలుపువైపే చూస్తున్నాడు. ఆ మనిషిని నేను పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. ఆ మొహం మాత్రం అమ్మ పోయిన రోజు తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను.

"రాలా," అన్నాడు. "పెట్రోలు వాసనొచ్చింది."

"మరెందుకు చెప్పలా నాన్నా, వాళ్ళకి?"

"పిల్లోణ్ణమ్మా నేనప్పుడు."

"ఇప్పుడు పెద్దోడివేగా."

ఆయన చెయ్యి చొక్కా కిందికి, మొలతాడు దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి కదిలిన చప్పుడు నాకు వినపడింది. పిల్లకూ వినపడే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కింద కారు ఆగింది. "బావా, పైనున్నావా?" అంటూ మనోళ్ళు దిగారు. అన్నయ్య చొక్కా కిందికి లాగేసుకున్నాడు. మెట్లు దిగుతూ, "మంచినీళ్ళు తీసుకురా" అని వదినకు కేకేశాడు.

నేను తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాను. ఇంకేం అడగాలో తెలియక, "ఒప్పుకున్నాక ఏమవుతుందమ్మా, ఆటలో?" అన్నాను.

"అక్కడ కథ ఆగిపోద్ది బాబాయ్. తలుపు తియ్యాలా వద్దా అనేది ఆడేవాళ్ళే నొక్కాలి. నొక్కేదాకా తెర అట్టాగే ఉంటది." తలుపుకు దగ్గరగా వచ్చి అంది: "కోర్టుకి వెళ్ళు బాబాయ్. నాన్న తీస్తాడని ఇంక నేను కూర్చోలేను."

వెళ్ళాను. వకీలు కాగితాలు కదిలిస్తున్నాడు. ఈలోగా పిల్లను కారులో ఎక్కడికో బంధువుల ఊరికి చేరవేయబోతున్నారని వదిన ఏడుస్తూ ఫోన్ చేసింది. ఏ ఊరో వదినకూ చెప్పలేదట. బంధువులు బళ్ళో ఏం చెప్పారో తెలియదు, ఆ అబ్బాయిని పనిలోకి రావద్దన్నారు. అతను రోజూ ఫోన్ చేస్తాడు. ఒకటే ప్రశ్న: "సార్, తింటోందా?" తింటోందని చెబుతాను. నాకు తెలియదు.

జీవితమంతా మనిషి ఆలోచిస్తే మారతాడని వాదించినవాణ్ణి. నా కళ్ళ ముందే ఒక మనిషి ఆలోచించాడు, నిజం ఒప్పుకున్నాడు, అయినా తాళం తీయలేదు. ఇంక ఏ వేదికెక్కి ఏం చెప్పను? మేమిద్దరం ఒకే కడుపున పుట్టాం, ఒకే రోడ్డు పక్కన ఒకే తల్లిని పోగొట్టుకున్నాం, ఒకే భయంతో పెరిగాం. ఆ పోలికను చూసి నేనూ చలించాను. కానీ పోలిక తాళంచెవి దగ్గర ఆగిపోతుంది. అది ఒకడి మొలతాడుకే ఉంది. అతని దుఃఖం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు కనుక జాలిపడగలను. అంతమాత్రాన ఆ పిల్లకు తలుపు తెరుచుకోదు.

మా అన్నయ్య ఒంటరిగా ఉంటే తీసేవాడు. కింద కారు దిగినవాళ్ళ కోసం ఆపాడు. ఆ కారులో ఎవరున్నారో ఆలోచించండి. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని "వాళ్ళేంట్లు?" అని చెవిలో అడిగే మీరున్నారు. అడిగితే మర్యాదగా జవాబు చెప్పే మీరున్నారు. ఏ ఇంట్లో ఏ గది ఎందుకు మూసి ఉందో తెలిసీ కాఫీ తాగి లేచి వచ్చే మీరున్నారు.

ఈ పుటతో నా చేతిలో కథ ఆగిపోయింది. ఇక నొక్కాల్సింది మీరే. ఆ ప్రశ్న ఇంకెప్పుడూ అడగకండి, అడిగినవాడికి జవాబివ్వకండి. మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా ఒక గదికి బయటినుంచి గడియ ఉంటే, మీరు ఇప్పుడే లేచి ఆ ఇంటికి వెళ్ళండి. మంచినీళ్ళు ఇస్తే తాగకండి. మేడ మెట్లెక్కి, అందరూ చూస్తుండగా, తలుపు తియ్యండి.