డబ్బాలుగా వచ్చిన మాటలు

నా పెళ్లి కుదిరిన రోజుల్లో నా దగ్గరున్న ఫోనుకు తెలుగు రాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసి ఉంటే మా ఇంట్లో అంత గొడవ అయ్యేది కాదు. అయితే ఆ గొడవ లేకపోతే మేమిద్దరం ఒకరినొకరు తెలుసుకోవడానికి ఏళ్లు పట్టేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

రెండు వేల ఆరు ప్రాంతం అది. మాది మంచిర్యాల. మా నాన్నను మేము బాపు అని పిలిచేవాళ్లం. గనుల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను డిగ్రీ అయ్యాక ఒక చిన్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. గోదావరి అవతల, గోదావరిఖనిలో మా మేనత్త ఉండేది. ఆమె వెళ్లే చర్చికే వచ్చే ఒక కుటుంబం నుంచి నాకు సంబంధం తెచ్చింది. అబ్బాయి తండ్రి ఆరోగ్యం పాడై మానేస్తే ఆ ఉద్యోగం అబ్బాయికి వచ్చింది. బొగ్గుబాయిలో, భూమి లోపల పని. మా దిక్కు గనిని బాయి అనే అంటారు.

అత్త ఏదీ దాచలేదు. "పిలగాడు మంచోడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. కొంచెం నత్తి ఉన్నది, మాట జల్ది రాదు, గంతే" అని ముందే చెప్పింది. బాపు నా వైపు చూశాడు. చూసి చెప్తానన్నాను.

పెళ్లిచూపుల రోజున అతను నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, ఏ క్లాసుకు చెప్తారని. 'క్లాసు' దగ్గర మాట ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. పక్కనున్న వాళ్ల మామ "ఏ క్లాసు అని అడుగుతున్నడమ్మా" అన్నాడు. నేను ఆయనకు జవాబివ్వలేదు. అబ్బాయి వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి అతనే ప్రశ్న పూర్తి చేశాడు. మూడో తరగతి అని చెప్పాను. అందులో నా గొప్పేమీ లేదు. బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పేటప్పుడు ఆగి వినడం నాకు అలవాటు.

నాకు నచ్చాడు. ప్రధానం అయిపోయింది. మా క్రైస్తవుల్లో నిశ్చితార్థాన్ని అలా అంటాం. పెళ్లి ఎండాకాలం సెలవుల్లో అనుకున్నారు. ఈలోగా పిల్లలిద్దరూ ఫోనులో మాట్లాడుకోవచ్చని పెద్దలు ఒప్పుకున్నారు.

మొదటి ఫోను అతనే చేశాడు. హలో అన్నాను. అవతల ఊపిరి వినిపిస్తోంది, దూరంగా లారీల హారన్లు వినిపిస్తున్నాయి, మాట మాత్రం రావడం లేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఎంతసేపైనా ఆగగలిగిన నేను ఫోనులో ఆగలేకపోయాను. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి మా స్కూలు గురించీ వానల గురించీ ఏదేదో చెప్పేశాను. అతను "ఉంట" అని పెట్టేశాడు. మళ్లీ ఫోను రాలేదు.

కొన్నాళ్లకు ఒక మెసేజీ వచ్చింది. తెరిచి చూస్తే అన్నీ డబ్బాలు. లోపల ఏమీ లేని చిన్న చిన్న చదరాలు వరసగా పేర్చి ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడా ఖాళీ, ఒకచోట చుక్క.

అప్పట్లో చుక్కలతో, బ్రాకెట్లతో గులాబీ పువ్వో దీపమో తయారుచేసి పంపుకోవడం ఒక సరదా. మా స్కూల్లో టీచర్లందరి ఫోన్లలోనూ అలాంటి బొమ్మలుండేవి. ఇదీ అలాంటి బొమ్మే అయి ఉంటుంది, నా పాత ఫోనులో సరిగ్గా పడలేదు అనుకున్నాను. 'నైస్, థాంక్యూ' అని ఇంగ్లీషులో జవాబిచ్చాను.

ఆ తర్వాత రోజూ వచ్చేవి. ఫస్ట్ షిఫ్టు అయితే సాయంత్రం, సెకండ్ షిఫ్టు అయితే పొద్దున. అన్నీ డబ్బాలే. నేను కూడా తప్పకుండా జవాబు ఇచ్చేదాన్ని, ఒకసారి 'ఓకే' అని, ఒకసారి 'గుడ్' అని. ఇవేమిటని అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. అడిగితే అతను ఫోను చేసి నోటితో చెప్పాల్సి వస్తుంది. ఆ మొదటి ఫోనులో అతను పడిన అవస్థ నా చెవుల్లో అలాగే ఉంది. మళ్లీ అతన్ని ఆ కష్టంలోకి దించడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా ఆ డబ్బాల కోసం ఎదురుచూడటం నాకు అలవాటైపోయింది. ఏదో ఒకటి పంపుతున్నాడంటే నన్ను తలుచుకుంటున్నట్టే కదా. సిమ్ములో చోటు నిండిపోతే పాతవి కొన్ని చెరిపేశాను కూడా.

ఉన్నట్టుండి మెసేజీలు ఆగిపోయాయి. డ్యూటీ ఎక్కువై ఉంటుందనుకున్నాను. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చుంటుంటే అత్త బస్సు దిగి నేరుగా ఇంట్లోకి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగలేదు.

"పిలగాడు పెండ్లి వద్దంటున్నడు" అంది బాపుతో. "పిల్లకు మనసు లేదట. బలవంతం చెయ్యద్దు అంటున్నడు. ఏందని అడిగితే, ఆమెనే చెప్పింది అంటడు."

అందరూ నా వైపు తిరిగారు. నేనేమీ అనలేదని చెప్పాను. అమ్మ నమ్మింది. బాపు నమ్మినట్టు కనిపించలేదు. మరి ఊరికే ఎందుకంటాడని గట్టిగా అడిగాడు. ఏడుపు ఆపుకుంటూ ఫోను తెచ్చి అతను పంపినవీ నేను పంపినవీ చూపించాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. అమ్మ వంగి చూసి "ఇవేం డబ్బాలు?" అంది.

అత్త ఫోను లాక్కుంది. "గిట్ల ఎందుకున్నది? నా ఫోన్ల తెలుగు మంచిగ కనిపిస్తది గద. గా పిలగాడు కూడ గిసొంటిదే కొన్నడు, తెలుగుల రాసుకునుడు వస్తదని."

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. అవి బొమ్మలు కావు. నా ఫోను వెనక మూత తీసి సిమ్ము బయటికి లాగాను. అత్త ఫోనులోంచి ఆమెది తీసి నాది పెట్టాను. చిన్న ఫోన్లలో అప్పుడు మెసేజీలు సిమ్ములోనే ఉండేవి. ఫోను వెలిగి, పేర్లు వచ్చి, మెసేజీల పెట్టె తెరుచుకునేదాకా అమ్మా అత్తా నా భుజం మీదుగా చూస్తున్నారు. తెరిచాను. డబ్బాలు లేవు. తెలుగు అక్షరాలు, గుండ్రంగా, తలకట్లతో సహా.

బాపు చెయ్యి చాపాడు. అమ్మ అడ్డుపడి "దానికొచ్చినయి, దాన్నే చదువుకోనియ్యి" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా మీద కూర్చుని చదివాను.

"ఇయ్యాల బాయిల నీళ్లు ఎక్కువున్నయి. బయటికి వస్తే ఎండ మంచిగనిపించింది."

"మా అమ్మ మీకు ఏ కూర ఇష్టమో అడగమన్నది." దానికి నా జవాబు 'ఓకే'.

"ఆనాడు నా మాట అయ్యేదాక ఆగిండ్రు. అందరు నడుమల్నే అందుకుంటరు. మీరు అందుకోలే." దానికి నా జవాబు 'గుడ్ నైట్'.

చివరిది ఇది. "నత్తోనితోని బతుకుడు కష్టం. పెద్దోళ్ల కోసం ఒప్పుకున్నరా? ఇష్టం లేకుంటే చెప్పుండ్రి. నేనే వద్దంట, మీ మీదికి మాట రాదు."

దానికి నేను పంపింది 'ఓకే, థాంక్యూ'.

ఏడుస్తూనే నవ్వాను. అమ్మ భయపడి లోపలికి వచ్చింది. ఆమెకు చదివి వినిపించాను. అమ్మ బయటికి వెళ్లి బాపుకూ అత్తకూ చెప్పింది. బాపు వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, జవాబు తెలుగులో రాయమన్నాడు.

తర్వాతి కాలంలో కంప్యూటరు పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ డబ్బాల సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. ఫోనుకైనా కంప్యూటరుకైనా అక్షరం ఆకారంగా రాదు, నంబరుగా వస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు తగ్గ ఆకారం తన ఫాంటులో ఉంటే అది గీసి చూపిస్తుంది. లేకపోతే ఇక్కడొక అక్షరం ఉంది కానీ నాకు గీయడం రాదని చెప్పడానికి ఖాళీ డబ్బా పెడుతుంది. గుణింతానికి ఒక నంబరు, ఒత్తు కలపడానికి ఒక నంబరు ఉంటాయి కాబట్టి 'అమ్మ' లాంటి చిన్న మాట కూడా నాలుగు డబ్బాలవుతుంది. అక్షరం మాత్రం పోదు. అలాగే భద్రంగా ఉండి, గీయగలిగే ఫోను దొరికిన రోజున బయటికి వస్తుంది. పిల్లలకు ఇది చెప్పేటప్పుడు అత్త ఫోను వెలిగిన ఆ క్షణం ఎలా ఉందో నాకు ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు మాత్రం ఫోనులో తెలుగు రాయడం కూడా నాకు రాదు. ఒక్కో అంకె మీద మళ్లీ మళ్లీ నొక్కితే అక్షరం మారేది. ఒత్తు ఎలా కలపాలో తెలియలేదు. అత్తకూ తెలియదు, ఆమె చదువుకోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. చివరికి ఇలా పంపాను: "నా ఫోనల తెలుగు రాదు. ఇపుడే చదివిన. నాకు ఇషటమే. కాకరకాయ తపప ఏదైన తింట."

జవాబు రాలేదు. ఆదివారం డ్యూటీకి పిలిచారేమో, బాయి దిగి ఉంటాడని అత్త ధైర్యం చెప్పి బస్సెక్కింది. సిమ్ము మళ్లీ నా ఫోనులోకి వచ్చింది. ఆ రాత్రి ఒక మెసేజీ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కుని రాసిన తెలుగు అది. రేపు వస్తానని.

మర్నాడు షిఫ్టు దిగి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కనురెప్పల అంచున బొగ్గు అలాగే ఉంది, కాటుక పెట్టుకున్నట్టు. బాపు కుర్చీ వేసి తను లోపలికి వెళ్లిపోయాడు. వరండాలో మేమిద్దరమే మిగిలాం.

"అన్నీ డబ్బాలేనా?" అన్నాడు. అత్త చెప్పినట్టుంది. ఆ మాట బయటికి రావడానికి సమయం పట్టింది. నేను ఆగాను.

"అన్నీ. బొమ్మలు పంపుతున్నరు అనుకున్న."

అతను నవ్వాడు. నవ్వుకు నత్తి అడ్డురాదని అప్పుడే చూశాను. "మా అమ్మకు చెప్పిన, ఆమెకు ఏ కూరైన ఓకేనట అని. మస్తు సంబురపడ్డది."

పాతవి కొన్ని చెరిపేశానని చెప్పి, వాటిలో ఏం రాశారని అడిగాను. ఆలోచించి, బాయి సంగతులు అన్నాడు. అవి ఇప్పుడు చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో ఆగుతూ, ఒక్కోసారి మాట రాక తొడ మీద వేలితో కొట్టుకుంటూ చెప్పాడు. అమ్మ టీ ఇచ్చి వెళ్లింది. అది చల్లారిపోతే మళ్లీ తెచ్చింది.

"బాయిల మిషిన్ల సప్పుడుకు మాట వినరాదు" అన్నాడు. "టోపీకి ఉన్న లైటు ఊపి సైగ చేస్తం. రమ్మంటే ఒక తీరు, ఆగుమంటే ఒక తీరు. ఆడ నాకు, మిగతోళ్లకు ఫరక్ లేదు. అందుకే నాకు బాయి భయం లేదు. పైకి వచ్చినంకనే భయం."

"ఇంటికాడ కూడ భయపడద్దు" అన్నాను. నా నోటి నుంచి అంతకన్నా మంచి మాట రాలేదు.

పెళ్లి మే నెలలో గోదావరిఖనిలో, అత్త వెళ్లే చర్చిలో జరిగింది. ఎండకు పైకప్పు రేకులు పేలుతున్నాయి, కరెంటు పోయింది. అందరూ పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. పాస్టరుగారు ప్రమాణం చదివి, ఒప్పుకుంటున్నావా అని అతన్ని అడిగారు. అతని పెదవులు కదిలాయి. మాట రాలేదు. వెనక ఎవరో మాట అందించబోతే బాపు తిరిగి చూశాడు. విసురుకునే చప్పుడు కూడా ఆగింది. పాస్టరుగారు పుస్తకం మీద వేలు పెట్టుకుని నింపాదిగా నిలబడ్డారు. నేను ముసుగులోంచి అతని వైపే చూస్తున్నాను.

"ఒప్పుకుంటున్నాను" అన్నాడు, పూర్తిగా, చర్చి అంతటికీ వినిపించేలా.

ఆ తర్వాత నన్ను అడిగారు. కంగారులో 'ఒప్పు' దగ్గర నా మాట ఆగిపోయింది. ఈసారి ఆగడం మా ఆయన వంతయింది.