మెరుపు లేని ఫొటో

మెరుపు కొట్టకుండా, దీపం వెలుగులోనే ఫొటో తీసే కెమెరాలు వచ్చాయన్న కబురు అప్పట్లో మా ఇంటికి మొదట తెచ్చినవాడు మా మరిది. నిన్న సాయంత్రం దీపారాధన చేస్తుంటే కరెంటు పోయింది. మా మనవరాలు ఆ చీకట్లోనే ఫోనెత్తి టక్కున నన్ను తీసి, "బాగా పడ్డావే అమ్మమ్మా" అంది. ఇంత తేలికా అనిపించింది. అరకులో మేం కిరాణా కొట్టు నడిపిన రోజులూ, రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన ఓ వానాకాలమూ కళ్ళముందు నిలిచాయి.

మా ఆయన నాయనమ్మని ఇంటిల్లిపాదీ మామ్మ అనేవాళ్ళం. ఆ ఏడు వానలతో పాటే ఆవిడ మంచం పట్టింది. చలిగాలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పడంతో కిటికీ లేని నడిమింట్లో మంచం వేశాం. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. స్టూడియో ఆయన్ని పిలుద్దామంటే ఒప్పుకోదు. మా ఇంట్లో ఫ్లాషు వెలిగింది ఒక్కసారే, మామ్మ భర్త తాతగారు పోయినప్పుడు. ఆనవాయితీ ప్రకారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి తీయించారు. అప్పటినుంచీ మామ్మది ఒకటే మాట: "ఆ మెరుపు సచ్చినోలకేనే గుంటా. నానింకా ఉన్నాను కదా." ఉండగానే తీయాలన్నదే నా బెంగ. ఆవిడ దగ్గితే నా చేతిలో గరిటె ఆగిపోయేది. ఆవిడేమో, "నా సుట్ట ఎలుగు సాలదా ఏటి?" అని వేళాకోళమాడేది. ఆవిడ తాగేది అడ్డపొగ, నిప్పు నోటి లోపల! అలాంటప్పుడే, సరుకు కోసం విశాఖపట్నం వెళ్ళొచ్చిన మరిది ఆ కబురు చెప్పాడు.

వాణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే ఘాట్ రోడ్డు బస్సులో విశాఖపట్నం దిగాను. సంచిలో దేవుడి ప్రమిద, వత్తి, నూనె సీసా పెట్టుకున్నాను. నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలే నావి. కెమెరాల కొట్లో డబ్బాల మీది ఇంగ్లీషు నాకేం తెలుస్తుంది? "పిక్సెళ్ళు ఎన్నుంటే అంత మంచిదమ్మా" అన్నాడు కొట్టాయన. "దీపానికి మనిషి కనిపిస్తాడా బాబూ?" అంటూ ప్రమిద తీశాను. "ఏటమ్మా, నా కొట్లో పూజా?" అని నవ్వి, పాపం, వెనక గోదాములో లైటు ఆర్పించాడు. మరిదిని కూర్చోబెట్టి వెలిగించాం. మొదటి కెమెరా చీకటి చూడగానే తనంతట తానే మెరిసింది. పిక్సెళ్ళు ఎక్కువున్న రెండోదాంట్లో వాడి మొహం మీద ఆవాలు చల్లినట్టుంది. "నన్ను పోపులో ఏసేశావేటి వదినా?" అన్నాడు. మూడోది మొద్దుగా ఉంది, పిక్సెళ్ళూ తక్కువే. కానీ లెన్సు పెద్దది. వాడి మీసం వెంట్రుకలు కూడా కనిపించాయి. పెన్సిలు సెల్లులతో నడుస్తుందట. అవి మా కొట్లోనే ఉంటాయి, రోజూ వాడుకోవచ్చు. ఆ దేవుడే చూపించాడనుకుని అదే కొన్నాను. "కదిలితే మాత్రం బొమ్మంతా అలుక్కుపోతుంది" అని కొట్టాయన హెచ్చరించాడు.

మర్నాడు అరకు మీదుగా పోయే కిరండూలు రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా ఒళ్ళోని డబ్బా తడుముకున్నాను. దిగాక ఎవరు ఎదురొచ్చి ఏ మాట చెబుతారోనని తలెత్తకుండా నడిచాను. గుమ్మంలో అడుగుపెట్టేసరికి లోపల దగ్గు వినిపించింది. నా జన్మలో దగ్గుకి దండం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఆ రోజు సంత. పిప్పళ్ళు అమ్మడానికి కొండ దిగే ఒకావిడ, ఎప్పటిలాగే మామ్మ మంచం పక్కన కూర్చుని చుట్ట కాలుస్తోంది. కెమెరాని బోర్లించిన కొలత మానిక మీద నిలబెట్టాను. ప్రమిద కిందుండటంతో మామ్మ మొహం నీడలోనే ఉండిపోయింది. "కదలకు మామ్మా" అంటే, "కదలకుంటే సచ్చినట్టే కదే!" అని మూతి తిప్పింది. నాకు ఏడుపొకటే తక్కువ. అప్పుడా కొండావిడ ప్రమిదని అరచేతిలో పెట్టుకుని మామ్మ చెంప దగ్గరికెత్తింది. "సంత రోజు నాను రాకపోతే వాకిలికేసి ఎలా సూత్తావు? అలా సూడే ముసిలీ" అంది. మామ్మ చూసింది. నేను నొక్కాను. మెరుపు లేదు. ఆ అరచెయ్యి పిసరంత వణకలేదు.

దేవుడి దయ, ఆ ఫొటోకి దండ పడటానికి ఇంకా ఎన్నో సంతలు పట్టింది. చూసినవాళ్ళందరూ మామ్మ కళ్ళనే మెచ్చుకుంటారు, ఎవరికోసమో చూస్తున్నట్టున్నాయని. ఎవరికోసమైతే చూస్తోందో ఆ మనిషి బొమ్మలో లేదు. అంచున ప్రమిద పట్టుకున్న బొటనవేలి కొస ఒక్కటే ఉంది. నిన్నూ తీస్తానని కొండావిడతో అంటే, "నాకేటికే, నానొత్తానే ఉన్నాను కదా" అని నవ్వేది. తర్వాతెప్పుడో ఒక వానాకాలం వెళ్ళాక, ఆవిడ ఇక సంతకి రాలేదు. కాలం ఎవరినీ కదలకుండా కూర్చోనివ్వదు. మీ ఇంట్లో దీపం పెట్టే వేళ, వెలుగు పట్టుకుని తాను చీకట్లో ఉండిపోయిన మా కొండావిడని ఒక్కసారి తలుచుకోండి.