కునుకుగారూ, నా గట్టి స్ప్రింగులూ

ఈమధ్య స్పీడు బ్రేకరు కనిపిస్తే చాలు, నాకంటే ముందు నా నడుము బ్రేకు వేస్తోంది. డాక్టరుగారు వయసు మీద తోసేస్తున్నారు గానీ, అది నేను చేతులారా చేసుకున్న పని. ఇప్పటి కుర్రాళ్లు కథ చెప్పాలంటే చల్లటి గది, గోడ మీద బొమ్మలు, చేతిలో కాఫీ. హాయిగా ఉంది వాళ్ల పని. నేను సినిమాల్లో తిరగడం మొదలుపెట్టిన కొత్తలో, నాకు తెలిసిన ఒక్క నిర్మాతకి కథ చెప్పాలంటే కథ కంటే ముందు కారుండాలి. (కారున్నవాడికి కథతో పనేమిటి అంటారేమో. ఆ మాట మా నాన్న కూడా అనేవాడు.)

ఆ నిర్మాత జూబ్లీహిల్స్‌లో ఉండేవారు. అసలు పేరు ఆయన సినిమాల టైటిల్స్‌లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఫిల్మ్‌నగర్ మొత్తానికీ ఆయన కునుకుగారు. ఇంట్లో కథ వింటే భార్యగారు మధ్యలో వచ్చి కూర్చుని క్లైమాక్స్ మార్చేసేవారు. ఆఫీసులో వింటే ఫోన్లు. సొంత కారులో విందామంటే వాళ్ల డ్రైవరు నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున విన్న కథ సాయంత్రానికల్లా కృష్ణానగర్ టీకొట్ల దగ్గర సీన్లవారీగా దొరికేది. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. కథ చెప్పేవాడే బండి తెచ్చుకోవాలి, తనే నడుపుతూ చెప్పాలి. ఆయన వెనకసీట్లో కూర్చుంటారు. ఫిల్మ్‌నగర్ దాకా దిగి, చెక్‌పోస్టు మీదుగా మళ్లీ కొండెక్కి ఇంటికి చేరేలోపు శుభం కార్డు పడాలి.

నాకు కారుంది. అదే నా దురదృష్టం. యూసుఫ్‌గూడలో ఒంటిగది అద్దెకుంటూ, అసిస్టెంటు డైరెక్టర్లందరిలోకీ ఆఖరి అసిస్టెంటుగా క్లాపు కొడుతున్న నాకు, గుడివాడలో ఉన్న మా మేనమామ తను నడిపినంతకాలం నడిపి, ఇక ఎవరూ కొనరని రూఢి అయ్యాక, "మేనల్లుడివి, నీకు కాక ఇంకెవరికిస్తాన్రా" అని కళ్లనీళ్లు పెట్టుకుని మరీ ఇచ్చిన తెల్లకారు అది. దాని స్ప్రింగులు ఎప్పుడో చచ్చాయి. మలుపులో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరిగేవి, బాడీ తీరిగ్గా ఆలోచించుకుని తర్వాత తిరిగేది. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో అది అచ్చం పిల్లల ఉయ్యాలే. అందులో ఎక్కిన ప్రతివాడూ అయితే వాంతి చేసుకునేవాడు, లేకపోతే నిద్రపోయేవాడు.

కునుకుగారు నిద్రపోయారు. హీరోయిన్ ఇంకా మేడమెట్లు దిగనే లేదు, అద్దంలో చూద్దును గదా, పెద్దాయన నోరు తెరిచి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని లోకంలో లేరు. ఏం చెయ్యను? గొంతు పెంచాను, కన్నీళ్లు పెట్టుకున్నాను, చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర విలన్ నవ్వు కూడా నవ్వాను. పక్క బైకువాడు భయపడ్డాడు గానీ ఆయన కదల్లేదు. ఇంటి గేటు దగ్గర బండి ఆగగానే లేచి, పంచె సర్దుకుని, "బాగుందయ్యా. ఆదివారం ఇంకోసారి విని ముహూర్తం పెట్టించేద్దాం" అన్నారు.

బుద్ధున్నవాడైతే ఆ క్షణమే కాళ్లమీద పడి, ఆదివారం దాకా ఆ కారుని గుడ్డతో తుడుచుకుంటూ కూర్చునేవాడు. నాకు రోషం వచ్చింది! వినకుండా బాగుందంటాడా? అన్నేళ్లు అన్నం మానేసి రాసుకున్న కథకి గురకా? రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చాను. తప్పు నా కథది కాదు, బండిది. (మా వీధిలో వంట చెడిపోతే గిన్నెని తిట్టే పిన్నిగారొకావిడ ఉండేది. ఆవిడ పోలికలు నాకెలా వచ్చాయో తెలీదు.)

మధురానగర్ మూల మీద షెడ్డున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ప్రతి మాటకీ 'ఫికర్ చెయ్యకు' అనడం వల్ల అతన్ని అందరూ ఫికరన్న అనేవాళ్లు. బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. బండి చాలాసేపు ఊగుతూనే ఉంది.

"గిదేందన్నా, కారా, ఉయ్యాలనా?"

"అదే కదా బాధ. మలుపుల్లో ఒరగకూడదు, ఊగకూడదు. ఎక్కినవాడు నిద్రపోకూడదు."

"నిద్ర వోవద్దా?" అని నావైపు అనుమానంగా చూశాడు. "అందరొచ్చి మెత్తగ చెయ్యిమంటరు. నువ్వేందన్నా, సవారీని లేపుమంటున్నవ్?"

విషయం చెప్పాను. అతనికి సినిమాపిచ్చి. కథ కోసం అనేసరికి పూనకం వచ్చేసింది. "ఫికర్ చెయ్యకు. గట్టి స్ప్రింగులేస్త, కొత్త షాకర్లేస్త, కింద రెండు చక్రాలను వట్టి ఉంచె లావు కడ్డీ ఒకటేస్త. బండి జర కిందికి దించుదం. రైలు లెక్క పోతది సూడు" అన్నాడు. ఇంకా గట్టివి లేవా అని అడిగాను. ఉన్నాయి గానీ అవి లోడుబండ్లవి అన్నాడు. వాటికి దగ్గర్లోవే వెయ్యమన్నాను. దానికి నా చేతి వాచీ, రూములో ఉన్న టీవీ వెళ్లిపోయాయి, ఆ సంగతి వదిలేయండి.

నిజం చెప్పొద్దూ, శనివారం సాయంత్రం బండి బయటికి తీసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఫిల్మ్‌నగర్ మలుపుల్లో అది నేల కరుచుకుని వెళ్లింది. ఇలా అనుకుంటే అలా తిరిగింది. ఒరగడం లేదు, జారడం లేదు. మా మావయ్య కారేనా ఇది అనిపించింది. రోడ్డు నున్నగా ఉన్నంతసేపూ నేను మహారాజుని. అయితే జూబ్లీహిల్స్ సంగతి మీకు తెలుసుగా. పెద్దవాళ్ల ఇళ్ల ముందు ఎవరికి వాళ్లు స్పీడు బ్రేకరు వేయించుకుంటారు. ఎంత గొప్పవాడైతే అంత ఎత్తు. మొదటిదాని మీద ఎక్కి దిగేసరికి నా కింద పన్నూ పై పన్నూ పలకరించుకున్నాయి. అయినా సరే, రేపు ఈయనగారెలా నిద్రపోతారో చూస్తాను అనుకున్నాను.

ఆదివారం కునుకుగారు ఎక్కారు. బండి కిందికి దిగింది కదా, ఎక్కడం కాదు, కూలబడ్డారు. అలవాటుగా వెనక్కి వాలి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, "ఊఁ, కానివ్వు" అని కళ్లు మూశారు. నేను "ఒక పచ్చటి పల్లెటూరు" అన్నాను. డబ్! పెద్దాయన సీటు మీంచి లేచి మళ్లీ పడ్డారు.

"ఏంటయ్యా ఇది?"

"ఏం లేదండీ, బండి బాగుచేయించాను."

"ముందు బాగానే ఉందిగా!"

ఆ తర్వాత ఇక కునుకన్నది లేదు. ప్రేమ పుట్టినచోట గుంత, పాట వచ్చినచోట స్పీడు బ్రేకరు. "అబ్బా! నా నడుం రా నాయనా" అంటూనే, పై హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుని, కళ్లు ఇంతలేసి చేసుకుని, గత్యంతరం లేక ఆయన కథ మొత్తం విన్నారు. చెమటలు పడుతున్నా నాకు లోపల పండగే. నా కథని ఒక నిర్మాత కళ్లు తెరుచుకుని వింటున్నాడు! శుభం కార్డు వేసి గేటు ముందు ఆపాను. ఆయన వెంటనే దిగలేదు. పై హ్యాండిల్ వదలకుండానే అడిగారు.

"ఇంటర్వెల్ ముందు హీరో తల్లిని ఆసుపత్రిలో చేర్పించావు కదయ్యా?"

"అవునండీ."

"తర్వాత ఏమైంది ఆవిడ?"

ఏమైందో నాకూ తెలీదు. అన్నేళ్లుగా ఆ కథ రాస్తున్నాను, తిరగరాస్తున్నాను. హీరో పగ తీర్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఊరికి సర్పంచి అయ్యాడు. తల్లి మాత్రం ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది.

"పాపం, ఇంకా అక్కడే ఉందా?" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "చూడబ్బాయ్, కథలో లోటుంటే నాకు నిద్రపట్టదు. కునుకు పట్టిందా, కథ ఓకే. ఇన్నాళ్లూ అలాగే తీశాను. మొన్న నీ బండిలో హాయిగా పట్టింది, సరే అనుకున్నాను. ఇవాళ మొదటిసారి ఒక కథ చివరిదాకా విన్నాను. అందుకే వద్దంటున్నాను."

అరచేతిలోకొచ్చిన సినిమా అలా పోయింది. నేను తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను అనడానికి కూడా లేదు, ఆ గొయ్యి మీద నుంచి ప్రతిసారీ ఎగిరి పడ్డాను. ఆయన నడుం పట్టుకుని మెల్లగా దిగి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి కిటికీలోకి వంగారు. "కథ బాగోలేదు గానీ బండి బాగుందయ్యా. నన్నిన్నాళ్లూ నిద్రలో ముంచినవాళ్లందరినీ ఇందులో ఎక్కించాలి. రేపటినుంచి వచ్చెయ్" అన్నారు.

అలా నేను దర్శకుణ్ణి కాలేదు, కథలు మోసే డ్రైవరునయ్యాను. ఎండనక వాననక పక్కసీట్లో ఒక కొత్త రచయిత, వెనక కునుకుగారు, కింద నా గట్టి స్ప్రింగులు. నా బండిని తిట్టని రచయిత ఫిల్మ్‌నగర్‌లో లేడు. ఒకాయన నా టైర్లలో రహస్యంగా గాలి తగ్గించాడు కూడా, కాస్త మెత్తగా ఉంటుందని. వందల కథలు విన్నాను. ఎక్కడ పెద్దాయన "ఊఁ" అంటారో, ఎక్కడ కిటికీలోంచి బయటికి చూస్తారో నాకు కంఠతా వచ్చేసింది. విసుగొచ్చింది, నడుం పోయింది, జుట్టు పలచబడింది. రూముకొచ్చి ఒళ్లునొప్పులతో పడుకునే ముందు నా పాత కథ తీసి, ఆ తల్లిని కొంచెం కొంచెంగా కోలుకునేలా చేస్తూ వచ్చాను.

చాన్నాళ్ల తర్వాత ఒకరోజు రావాల్సిన రచయిత రాలేదు. "నువ్వే ఏదో ఒకటి చెప్పవయ్యా, ఊరికే తిరగడమెందుకు" అన్నారు పెద్దాయన. అప్పటికి ఆయన బాగా నీరసించిపోయారు. మాట కూడా సన్నబడింది. నేను మళ్లీ అదే పచ్చటి పల్లెటూరు ఎత్తుకున్నాను. ఇంటర్వెల్ అయింది. హీరో ఆసుపత్రికెళ్లి తల్లిని రిక్షాలో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చే సీను చెబుతున్నాను. ఆవిడ గుమ్మంలో కాలు పెట్టింది. వెనక నుంచి ఊఁ రాలేదు. అద్దంలో చూశాను. నోరు తెరుచుకుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నారు.

ముందు ఆ వీధిలోకెల్లా ఎత్తైన స్పీడు బ్రేకరు. ఒకప్పుడైతే కావాలనే ఎక్కించేవాణ్ణి. ఆ రోజు మాత్రం వెనక వాళ్లు హారన్లు కొడుతున్నా, తిడుతున్నా, బండిని ఒక్కో చక్రం ఒక్కో చక్రంగా దాని మీంచి దించాను. మిగతా కథ గొణుగుతున్నట్టుగా చెప్పాను, ఎక్కడ లేస్తారో అని. గేటు దగ్గర లేచి, పంచె సర్దుకుని, "బాగుందయ్యా. తల్లి ఇంటికొచ్చేసిందిగా, చాలు. ముహూర్తం పెట్టించు" అన్నారు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఈసారి నిజంగా సంతోషంతోనే.

ఆ సినిమా తీశాను. ఎలా ఆడిందని అడక్కండి, ఆయన పోయేలోపు చూశారు, నాకదే చాలు. (థియేటర్లో కూడా నిద్రపోయారు.) అంతకుముందు, ముహూర్తం రోజున, కొబ్బరికాయ బండికి కూడా కొట్టించాలని ఫికరన్న దగ్గరికి తీసుకెళ్తే, అతను అలవాటుగా బానెట్టు నొక్కి వదిలాడు. బండి మెల్లగా ఊగింది. "అన్నా, స్ప్రింగులు మొత్తం కూసున్నయ్. మల్ల ఉయ్యాలైంది గదా, నీకు ఎర్కలే?" అన్నాడు. "పైకెత్తి సూస్త, ఎన్నడు వోయినయో చెప్త. ఫికర్ చెయ్యకు."

వద్దన్నాను. అవి పెద్దాయన నిద్రపోయిన రోజుకి ముందు పోయాయో, తర్వాత పోయాయో నాకు తెలియనక్కర్లేదు. కొబ్బరికాయ కొట్టించుకుని, తాపీగా ఊగుకుంటూ యూసుఫ్‌గూడ వచ్చేశాను.