తుమ్మబంక కింద దాగిన తల

మా ఇంటి ముందున్న కానుగ కొమ్మ కరెంటు తీగలకు తగులుతోందని ఆషాఢంలో కొట్టేశారు. మొద్దును గోడవారగా పడేసి పోయారు. ఆపైన పది రోజులు వాన పట్టింది. నిన్న పొద్దున తలుపు తీయగానే పులిసిన కల్లు వాసన వచ్చింది. మిర్యాలగూడలో మా వీధిలో కల్లు దుకాణం లేదు. వాసన ఆ మొద్దుది, తడిసి ఉబ్బిన బెరడు కిందినుంచి వస్తోంది. డెబ్బై రెండేళ్ల మోకాళ్లతో కింద కూర్చోవడం కష్టమే, అయినా కూర్చుని గోటితో బెరడు లేపాను. అట్టముక్కలా పలచగా ఉన్న నల్లటి పెంకు పురుగు ఒకటి వెలుతురు తగలగానే పక్కకు జారిపోయింది. దాని పేరు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అలా ఆపుకోవడం నాకు నేర్పింది ఎస్తేరమ్మ మేడమ్.

సూర్యాపేటలో నేను ఇంటర్ చదివిన రోజుల్లో ఆమె మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. మోతె దగ్గరి పల్లె ఆమెది. పొట్టి మనిషి, బిగించి కట్టిన ముడి. చేతిసంచిలో ఎప్పుడూ ఒక భూతద్దం, మొద్దుబారిన కత్తి ఉండేవి. మేము చాటున ‘పురుగుల మేడమ్’ అనేవాళ్లం. ఆ సంగతి ఆమెకు తెలుసు. “పురుగుల మేడమ్ అంటే అనుండ్రి. ఏ పురుగో చెప్పి అనుండ్రి” అని ఒకసారి తరగతిలోనే అనేసరికి మా తలలు వంగిపోయాయి.

కాలేజీ వెనక గాలికి కూలిన తుమ్మచెట్టు ఒకటి ఉండేది. అక్కడికి మమ్మల్ని తీసుకువెళ్లి, కత్తితో బెరడు లేపి, ఒక్కొక్కరినీ వంగి చూడమనేవారు.

“సరోజా, ఏం కనవడ్తున్నది?”

“బెరడు పురుగు మేడమ్.”

“పేరు నేనడిగిన్నా? కండ్లకు ఏం కనవడ్తున్నదో చెప్పు.”

“నల్లగ ఉన్నది.”

“సీకట్ల అన్నీ నల్లగనే ఉంటయి. ఇంక?”

ఆ ‘ఇంక’ దగ్గరే మా చదువు మొదలైంది. ఒళ్లు పుస్తకంలో పెట్టి నొక్కినట్టు బల్లపరుపుగా ఉంది. పై రెక్కల చిప్పలు పొట్టి జాకెట్టులా మధ్యలోనే ఆగిపోయి, కడుపు చివరి రెండు పలకలు బయటపడ్డాయి. మీసం మోచెయ్యిలా వంగి, కొసన గుండీలా ఉబ్బింది. నేను మీసం చూడగానే చెట్టును తొలిచే పురుగని తేల్చేశాను. మేడమ్ నవ్వారు. “మీసం దానికీ గిట్లనే ఉంటది పిల్లా. కానీ అది సుద్దముక్క లెక్క గుండ్రంగుంటది. ఇది కుళ్లిన బెరడు కింద తిరిగే పిల్లపురుగులను తింటది. దొంగను వదిలిపెట్టి పోలీసును పట్టుకుంటవా?”

బెరడు కింద బతికే ఈ చదును పురుగుల్లో రెండు ప్రజాతులను ఆమె మాకు ప్రత్యేకంగా చూపించేవారు. ఒకటి హోలోలెప్టా, ఇంకొకటి ప్లాటిసోమా. పైనుంచి తొందరగా చూస్తే అక్కాచెల్లెళ్లే. హోలోలెప్టా తల ముందుకు చాచి ఉంటుంది, దవడలు బయటికి పొడుచుకొస్తాయి. ప్లాటిసోమా తలను ఛాతీలోకి ముడుచుకుంటుంది. వెల్లకిలా తిప్పితే, ఛాతీ నుంచి ఒక చిన్న పలక ముందుకొచ్చి గదవను, అంటే గడ్డాన్ని, మూసి ఉంటుంది. హోలోలెప్టాకు ఆ పలక లేదు. అందుకే, “తిప్పి చూడకుండా పేరు చెప్తే నేను ఒప్పుకోను” అనేవారు.

ఆమె గాజుమూత డబ్బాలో మొదటి సూది మీద పెసరగింజంత పురుగు ఒకటి ఉండేది. తన ఇరవయ్యో ఏట మోతెలో తండ్రి చేని గట్టున తుమ్మ బెరడు కింద దొరికిందట. చిన్న పురుగులను సూదితో గుచ్చరు. అట్టముక్క మీద అంటించి, ఆ అట్టకు సూది గుచ్చుతారు. అప్పుడు చేతిలో మంచి జిగురు లేక చెట్టుదే తుమ్మబంక తీసి అంటించారట. అంటించాక, ఎవరినీ అడగకుండా, పుస్తకం ముందు పెట్టుకుని, లక్షణం తరువాత లక్షణం సరిచూసుకుని తానే పేరు తేల్చుకున్న మొదటి ప్రాణి అది. కింద చీటీ మీద ‘హోలోలెప్టా’ అనీ, తన పేరూ రాసుకున్నారు. “గిది నా పెద్దబిడ్డ” అని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చూపించేవారు. ఆమెకు పెళ్లి లేదు. గొప్పలు చెప్పుకోవడం తెలియని మనిషి ఆ ఒక్క పురుగు దగ్గర మాత్రం మెడ కాస్త ఎత్తేవారు.

డిగ్రీ తరువాత నాకు మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో నమూనాలు పరీక్షించే పని దొరికింది. “పురుగు పురుగే, దానికి పేరెందుకమ్మా” అని సేటు విసుక్కునేవాడు. గింజను తొలిచేది వేరు, నూకను మాత్రమే తినేది వేరని చూపించేదాన్ని. పదవీ విరమణ దాకా అదే పని. ప్రతి క్రిస్మస్ మరునాడు బస్సెక్కి సూర్యాపేట వెళ్లి మేడమ్‌ను చూసి వచ్చేదాన్ని.

రెండేళ్ల కిందట, వానాకాలంలోనే, ఆమె చెల్లెలి కూతురు రూతు ఫోన్ చేసింది. ఆమె మేడమ్ దగ్గరే ఉండి చూసుకునేది. “పెద్దమ్మ మిమ్మల్ని రమ్మంటున్నది ఆంటీ, పురుగు ఊడిపోయిందట.” వెళ్లాను. మేడమ్‌కు అప్పుడు ఎనభై ఆరు. చూపు నడుమ మసక కమ్మి ఎదుటి మనిషి ముఖం కూడా ఆనదు. మంచం మీద కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నారు. తేమకు తుమ్మబంక పగిలి, పెద్దబిడ్డ అట్ట మీదినుంచి జారి డబ్బా మూలకు చేరింది.

“మళ్ల అంటియ్యాలె సరోజా. అంటించే ముందుగాల జర నాకు చెప్పు. దాన్ని చూడక నాలుగేండ్లయింది.”

కిటికీ దగ్గరికి తీసుకుపోయి భూతద్దం పెట్టాను. ఇన్నేళ్లూ దాని ముందుభాగం బంక గడ్డలో మునిగి ఉండేది. చాచిన తల అని మేమంతా అనుకున్నది ఆ గడ్డలోని నీడ. ఇప్పుడు గడ్డ ఊడిపోయింది. తల లోపలికి ముడుచుకుని ఉంది. పట్టకారు లాంటి చిన్న చిమటాతో మెల్లగా వెల్లకిలా తిప్పాను. గదవ కింద చిన్న పలక కనిపించింది.

నా ముఖం చూసి రూతు వంటింట్లోకి పిలిచింది. సంగతి చెప్పాను.

“ఎనబై ఆరేండ్ల మనిషికి ఇప్పుడెందుకు ఆంటీ?” అంది గొంతు తగ్గించి. “పాత పేరే చెప్పున్రి. ఏం పోతది?”

నిజమే, ఎవరికీ ఏమీ పోదు. అబద్ధం చెబితే ఆ కళ్లకు తెలిసే దారి లేదు. నిజం చెబితే, అరవై ఆరేళ్లు ఆమె ‘నాది’ అనుకున్నదాన్ని నా చేతులతో లాక్కున్నట్టే. కానీ ఆమె నన్ను పిలిపించింది తన కళ్లకు బదులుగా. ఆ కళ్లు అబద్ధమాడితే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

“ఏంది గుసగుసలు? దాని కాలు ఇరిగిందా?” మంచం మీదినుంచి మేడమ్ కేక.

“లేదు మేడమ్, అన్నీ ఉన్నయి.”

“మరి చెప్పు.”

మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి, పురుగు వెనకభాగం నుంచి మొదలుపెట్టాను. కడుపు పలకలు, రెక్కల చిప్పలు, మీసం. ఒక్కోదానికీ ఆమె తల ఊపుతున్నారు, బిడ్డ జడ తడిమి చూసుకునే తల్లిలా. తల దాకా వచ్చి ఆగాను.

“తల?”

“లోపలికి ముడుచుకున్నది మేడమ్. తిప్పి చూసిన. గదవ కింద పలక ఉన్నది.”

దుప్పటి మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. “అద్దం తుడిచి చూడు.”

కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. “అట్లనే ఉన్నది మేడమ్.”

వేలితో తన గదవ కింద తడుముకున్నారు. తరువాత, “అయితే అది ప్లాటిసోమా” అన్నారు. పేరు నేను చెప్పలేదు, ఆమే చెప్పారు. “గిన్నేండ్ల సంది దాన్ని వేరేదాని పేరు పెట్టి పిలిస్తి. ఒక్కనాడన్న బదులియ్యలే, పాపం.” నవ్వారు. చెంపల మీదికి నీళ్లు జారాయి, తుడుచుకోలేదు.

“బంక అడ్డముండె మేడమ్” అన్నాను.

“ఆ బంక పెట్టిందెవరు? నువ్వా?” అని గద్దించారు. ఆ గొంతులో కాలేజీ నాటి మేడమ్ తిరిగి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడింది.

పురుగును కొత్త అట్ట మీద, ఈసారి ఒంటి అంచుకు మాత్రమే జిగురు తగిలేలా అంటించాను. పాత చీటీని సూదిలోంచి తీయబోతుంటే కాగితం చప్పుడు విన్నారు.

“తియ్యకు! తప్పయినా సరే, ముందటోళ్ల చీటీ తియ్యొద్దు. నీది దాని కిందికి గుచ్చు. ఎవరు ఏమనుకున్నరో ఎనుకొచ్చేటోళ్లకు తెల్వాలె. నీ పేరు కూడ రాయి. చూసింది నువ్వు.”

రాశాను. ఆమె వేలితో తడిమి, రెండు చీటీలూ ఉన్నాయని తేల్చుకున్నాకే డబ్బా మూయనిచ్చారు.

ఆ చలికాలంలోనే మేడమ్ పోయారు. డబ్బాను కోదాడలో ఒక కాలేజీకి ఇద్దామని రూతు, నేనూ తీసుకువెళ్లాం. అక్కడి కుర్ర లెక్చరరు శ్రద్ధగా చూసి, “పాతది తప్పే కదండీ, తీసేస్తే నీట్‌గా ఉంటుంది” అంటూ పైచీటీ మీద చెయ్యి వేశాడు. “తీసేటట్టయితే డబ్బా ఇటివ్వండి” అన్నాను. ఎందుకని అడిగాడు. మేడమ్ చెప్పిందే చెప్పాను. అతను చెయ్యి తీసేశాడు.

ఆ సూది ఇప్పుడు కోదాడలో ఉంది. పైన ఆమె పేరు, దాని కింద నా పేరు. నా చీటీ కింద ఇంకొక చీటీ పట్టేంత సూది ఖాళీగా ఉంది. నా చీటీ గుచ్చిన రోజే కొలిచి వదిలాను.