స్వప్న చీలమండ, మాస్టారి మాట

2006వ సంవత్సరం. పంజాగుట్టలో మెయిన్ రోడ్డుకి రెండు సందుల వెనక నా ఫిజియోథెరపీ క్లినిక్. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరి మెడలు పట్టేసుకున్న కుర్రాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడలు చూసీ చూసీ విసుగెత్తి ఉన్నాను. అలాంటప్పుడు ఒక యువజన సంస్థవాళ్ళు వచ్చి, ఊరి బయట చెరువు పక్కన అంతర్జాతీయ యువ కళాకారుల క్యాంప్ పెడుతున్నాం, వారం రోజులు మాతో ఉంటారా అని అడిగారు. వాళ్ళ మాట పూర్తికాకముందే సరేనన్నాను.

నాలుగైదు దేశాల పిల్లలు వచ్చారు. గుడారాల్లో పడక, బయట వంట. రోజూ పొద్దున ఒకరి కళ మరొకరికి నేర్పాలి. చివరి సాయంత్రం ప్రతి ఒక్కరూ తమది ప్రదర్శించాలి. మన ఊరి తరఫున వచ్చింది స్వప్న. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, మధురానగర్‌లో ఒక మాస్టారి దగ్గర కూచిపూడి. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే తరంగం ఆమె చూపించబోయేది. జర్మనీ నుంచి వచ్చిన లీనా అనే పిల్ల ఆమెను నీడలా అంటిపెట్టుకుని అడుగులు నేర్చుకునేది.

పళ్ళెం నున్నటి షాబాద్ బండల మీద ఎంత చక్కగా జరుగుతుందో గడ్డి మీద అంత మొండికేస్తుంది. స్వప్న గడ్డి మీద టార్పాలిన్ పరిచి సాధన మొదలుపెట్టింది. పళ్ళెం మడతలో ఇరుక్కుంది, పాదం లోపలికి మెలితిరిగింది. నేను వెళ్ళేసరికి చీలమండ ఉబ్బిపోయి ఉంది. ఎముక అంచులు నొక్కి చూశాను. అక్కడ నొప్పి లేదు, బయటివైపు లిగమెంట్ మీద ఉంది. లిగమెంట్ అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ. అది కొంత చిరిగితే గ్రేడ్ టూ స్ప్రెయిన్ అంటాం. ఐస్ పెట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టించాను.

"ఎల్లుండి డాన్స్ చెయ్యొచ్చా మేడమ్?"

"ఎల్లుండి కాదు కదా, రెండు మూడు వారాల దాకా ఆ మాటే ఎత్తకు."

"ఎంతమంది సీనియర్లను కాదని మాస్టారు నన్ను పంపిండు. ఏం చెయ్యకుండ పోయి ఆయనకు ముఖమెట్ల చూపియ్యాలె?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు జాలేసింది. కానీ చీలమండ నా జాలి విని మానదు. పక్కన కూర్చున్నాను. ఏడుపు తగ్గాక ఆ పిల్ల చెయ్యి మంచం పట్టె మీద తాళం వేస్తోంది, పెదవులు తకధిమి తకఝణు అంటున్నాయి. బయట లీనా, ఇంకో ముగ్గురు గడ్డిలో ఉత్త కాళ్ళతో ఆమె నేర్పిన అడుగులే వేసుకుంటున్నారు.

"నువ్వు కూర్చుని ఆ తకధిమి జతులు చెప్పు. వాళ్ళు ఆడతారు," అన్నాను.

స్వప్న భయంగా చూసింది. "అది నట్టువాంగం మేడమ్. తాళాలు పట్టి డాన్స్ నడిపించుడు మాస్టారు పని. ఆయన చెప్పకుంటే మేం గా తాళాలు ముట్టుకోం సుత."

"అయితే అడుగుదాం."

"నాతోని కాదు. మీరే అడుగుండ్రి."

సెల్ సిగ్నల్ గేటు దగ్గర తప్ప దొరకదు. అక్కడ నిలబడి మాస్టారికి ఫోన్ చేశాను. కోస్తా మాట, కటువుగా ఉంది. జరిగింది చెప్పాను.

"అసలు అడుగే వేయకూడదంటారా?"

"వేయకూడదండీ."

"నోరు బాగానే ఉందిగా?"

నవ్వాలో వద్దో తెలియలేదు. నట్టువాంగం సంగతి అడిగాను.

"తాళాలు ఇప్పుడే వద్దు," అన్నారు. "క్లాసులో నేను కొడతాను చూడండి, అలా చెక్క మీద కర్రతో కొట్టమనండి. ఒక్కటి మాత్రం చెప్పండి. ఆడేవాళ్ళు తప్పితే ఆ తప్పు కొట్టేవాళ్ళది. ఆ సంగతి తెలిసే కూర్చోమనండి."

ఆ మాట చెబితే స్వప్న దిగులు ఎగిరిపోయింది. వంటవాళ్ళని అడిగి ఒక చెక్కపీట, చిన్న కర్ర తెప్పించుకుంది. ఆ రోజంతా పాపం ఆ నలుగురికీ ఊపిరాడనివ్వలేదు. "గట్ల కాదు లీనా, మళ్ళా," అంటూ తెలుగులోనే గదమాయిస్తుంటే ఆ పిల్ల ఎలా అర్థం చేసుకుందో గానీ మళ్ళీ మొదటి నుంచి వేసేది. కట్టు కట్టిన కాలు కూడా తాళం వేయబోతే నేను కళ్ళెర్రజేసేదాన్ని.

చివరి సాయంత్రం స్వప్న కాలు దిండు మీద చాపుకుని, పీట ముందు పెట్టుకుని కూర్చుంది. మొదటి జతి బాగా సాగింది. రెండో దాంట్లో లీనా అడుగు తప్పింది, వెనకవాళ్ళు ఆమెను చూసి తడబడ్డారు. స్వప్న ఆపలేదు. కర్ర దెబ్బ నెమ్మది చేసింది, గొంతు పెంచింది, లీనా కళ్ళలోకి చూస్తూ ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పింది. లీనా పాదం తాళాన్ని దొరకబుచ్చుకుంది. ఆ వెనక మిగతా ముగ్గురూ. అందరి కాళ్ళూ ఒక్కసారే నేల మీద పడ్డప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

తరువాత స్వప్న పంజాగుట్ట క్లినిక్‌కి వచ్చి ఎక్సర్‌సైజులు చేసేది. వాపు పూర్తిగా తగ్గి, ఒంటికాలి మీద నిలబడగలిగిన రోజు, "ఇక రేపటి నుంచి మెల్లగా డాన్స్ మొదలుపెట్టు," అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"రేపు కాదు మేడమ్, ఎల్లుండి చేస్త," అంది చెప్పులు వేసుకుంటూ. "రేపు చిన్నపిల్లల క్లాసుంది. మాస్టారు నన్ను కూసొని చెక్క మీద తాళం కొట్టమన్నడు."

రెస్ట్ అని రాయడం మా పనిలో చాలా తేలిక. ఒక్క మాట రాస్తే మా బాధ్యత తీరుతుంది, పేషెంట్ ఇంటికి వెళ్ళి గోడకేసి చూస్తూ పడుకుంటాడు. ఇప్పుడు ఆ మాట రాసే ముందు అడుగుతాను, మీ పనిలో ఈ కాలు లేకుండా జరిగేది ఏముందని. ఏమీ లేదనే అంటారు అందరూ. కుర్చీ చూపించి, రోజూ చేసే పని మొదటి నుంచి చెప్పమంటాను.