కొత్త ఒర బిగువు

పద్దెనిమిదేళ్లు మిలిటరీలో చేసి వచ్చినవాడికి తోలు సంగతి ఇంకొకరు చెప్పాలా? ఆ రోజు నా బుర్రనిండా ఉన్నది ఇదే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రిటైరై వచ్చాక రెండేళ్లు సబ్బవరంలో మా అన్నయ్య పొలం గట్ల మీద తిరిగాను. ఎవరికీ అక్కర్లేని మనిషినైపోయాను. అప్పుడు గోపాలపట్నంలో ఒక నగల షాపువాళ్లు గన్‌మేన్ కావాలన్నారు. నాకు లైసెన్సు రివాల్వర్ ఉంది. అది లేకపోతే నేనూ తలుపు తీసే వాచ్‌మేన్‌నే. వాచ్‌మేన్‌ని మా వీధిలో "ఇలా రావయ్యా" అంటారు. గన్‌మేన్‌ని "గారూ" అంటారు. దాచడం ఎందుకు, ఆ "గారూ" కోసమే చేరాను.

నడుముకి రివాల్వర్ పెట్టుకునే పాత గుడ్డ ఒర చిరిగిపోయింది. వన్‌టౌన్‌లో తోలు పని చేసే ఒక ముసలి సాయిబు దగ్గరికి వెళ్లాను. ఆయన రివాల్వర్ కొలతలు తీసుకుని, అదే ఆకారంలో ఒక కర్రముక్క చెక్కి, దాని మీద తోలు బిగించి ఒర కుట్టాడు. వారం తర్వాత వెళ్తే రెండూ నా చేతిలో పెట్టాడు.

"ఫౌజీ సాబ్, కొత్త పౌచ్ బిగువుగానే ఉంటాది. ఈ కర్రకి పాలిథిన్ సుట్టి రెండ్రోజులు లోపలుంచండి. తర్వాత రోజూ యాభై సార్లు తియ్యండి, పెట్టండి. నూనె మాత్రం రాయకండి. నీళ్లు తగలనీకండి."

"భాయ్, నాను మిలిటరీ బూట్లు ఎన్ని జతలు అరగదీసినానో తెల్సా?"

"బూటు కాలికి లొంగాలి సాబ్. పౌచ్ లొంగితే ఎలా? అది పట్టుకోవాలి గదా."

నవ్వేసి వచ్చేశాను. మర్నాడే డ్యూటీ. కర్ర పెట్టి రెండ్రోజులు ఆగే ఓపిక నాకెక్కడిది?

షాపు ఓనరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. పనివాళ్లందరి ముందూ, "ఏదీ, తియ్యండి సూద్దాం" అన్నాడు. పిడి పట్టుకుని లాగాను. రాలేదు. గట్టిగా లాగితే ఒరతో సహా బెల్టు పైకి లేచి, ప్యాంటు పక్కకి తిరిగిపోయింది. నగలు తూచే ఆయన ఊరుకోలేదు.

"దొంగోడికి టీ ఇచ్చి కూసింతసేపు కూకోబెట్టాల బావ!"

అందరూ పగలబడి నవ్వారు. ఓనరు నవ్వలేదు. "ఆదివారానికి సరి సేసుకోండి" అని లోపలికి వెళ్లిపోయాడు. వాళ్ల నవ్వుకంటే ఆయన నవ్వకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

మిలిటరీలో కొత్త బూట్లు ఇస్తే మేము చేసే పని ఒకటుంది. గోరువెచ్చని నీళ్లతో తడిపి, తొడుక్కుని నడిచి, ఆవనూనె పట్టించి ఎండలో పెట్టేవాళ్లం. ఒరకీ అదే వైద్యం చేశాను. నీళ్లు పోశాను, నూనె పట్టించాను, డాబా మీద ఎండబెట్టాను. కర్రముక్కని బీరువా కిందికి తోసేశాను. వాసనకి మా ఆవిడ పైకొచ్చింది.

"నూనె రాయద్దని సాయిబు సెప్పినాడని నువ్వే అన్నావు గదా. మరిదేటి?"

"నీకు తెల్దులే, ఎల్లు."

ఆదివారం ఓనరు మళ్లీ అడిగాడు. అలా పట్టుకుంటే ఇలా వచ్చింది రివాల్వర్. ఓనరు తలాడించాడు. ఇక నేను నేల మీద నడిస్తే ఒట్టు. పిడి కస్టమర్లకి కనపడాలని ఒర మూతకి బొత్తం పెట్టడం కూడా మానేశాను. రోజురోజుకీ ఇంకా వదులవుతోందని చేతికి తెలుస్తూనే ఉంది. అయినా పట్టించుకోలేదు.

శ్రావణ శుక్రవారం. షాపు కిటకిటలాడుతోంది. ఒక పెద్దావిడ కళ్లజోడు జారి కింద పడింది. తీసి ఇద్దామని వంగాను. రివాల్వర్ ఒరలోంచి జారి, పాలరాతి మీద పడి, ఆవిడ కాళ్ల దాకా దొర్లింది.

పేలలేదు. ఆడవాళ్ల కేకలు మాత్రం రోడ్డు దాకా వినిపించాయి. పెద్దావిడ గోడకి అతుక్కుపోయింది. కళ్లజోడు ఇవ్వబోతే నా చేతిలోంచి తీసుకోలేదు. నేను చచ్చేదాకా మర్చిపోలేనిది అదే.

ఓనరు లోపలికి పిలిచాడు. "తప్పు నాదే సార్, మానేత్తాను" అన్నాను.

"మానీమని ఎవలన్నారు? గన్ను ఇంటికాడ ఒగ్గీండి. నడుంకి పౌచ్ ఉంటే సాలు. లోపలేటుందో ఎవుడు సూత్తాడు?"

"ఖాళీదా సార్?"

"ఖాళీగా ఉంటే తెలిసిపోద్ది. ఏదోటి కుక్కండి."

ఆ క్షణమే బెల్టు విప్పి బల్ల మీద పడేసి రావాల్సింది. రాలేదు. సిగ్గు చంపుకుని, బీరువా కింది కర్రముక్క బయటికి తీసి పట్టుకుని మళ్లీ వన్‌టౌన్ వెళ్లాను. సాయిబు ఆ ఒరని రెండు వేళ్లతో నొక్కాడు, వాసన చూశాడు, పక్కన పెట్టాడు. మళ్లీ కొత్తది కుట్టి ఇచ్చాడు. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. రెండ్రోజులు కర్ర, తర్వాత నెల్లాళ్లపాటు రోజూ యాభై సార్లు తియ్యడం, పెట్టడం. వేలి గోళ్లు నల్లబడ్డాయి. చివరికి తలకిందులు చేసి ఊపినా రివాల్వర్ కదల్లేదు, పట్టి లాగితే తడుముకోకుండా వచ్చింది. తూటాలు తీసేసి ఓనరుకి చూపించాను.

"బాగుంది. గన్ను మాత్రం వద్దు" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

రివాల్వర్ బీరువాలోకి పోయింది. ఒకప్పుడు బీరువా కిందికి తోసేసిన కర్రముక్క ఒరలోకి వచ్చింది. దాని కొలతకే కుట్టిన ఒర కదా, చక్కగా కూర్చుంది. మా వీధిలో ఇప్పటికీ "గన్‌మేన్ గారూ" అనే అంటారు. నేనూ పలుకుతాను.

మొన్న ఒకావిడ రసీదు జారవిడుచుకుంది. ఒరని గట్టిగా అదిమి పట్టుకుని, వంగి తీసి ఇచ్చాను.